పాట విన్నాం, కింద పేర్ల కోసం వెతికాం

మొన్న ఏప్రిల్ 14 రాత్రి మేము మహదేవపూర్ మండలంలో ఒక ఊరికి వెళ్లాం. కాళేశ్వరం అక్కడికి దగ్గరే. అంబేద్కర్ విగ్రహం దగ్గర పూలమాలలు అయ్యాక ర్యాలీ మొదలైంది. ముందు డీజే బండి, దాని మీద నీలి జెండాలు, వెనుక పిల్లలు, ఆడవాళ్లు. ఆ వారమే వచ్చిన జై భీమ్ పాటలు ఒకదాని తర్వాత ఒకటి పెడుతున్నారు. ప్రతి పాటలోనూ డప్పు దరువు గుండెకాయకు తగిలేంత గట్టిగా ఉంది. అయితే ఆ బండి వెనకాలే నలుగురు డప్పు కళాకారులు డప్పులు చంకకు తగిలించుకుని ఊరికే నడుస్తున్నారు. "కొట్టరా కాకా?" అని అడిగితే, వాళ్లలో పెద్దాయన "అండ్లనే కొడుతున్నరు గద బిడ్డా, మేం కొడితే ఎవనికి ఇనవడ్తది" అన్నాడు.

అండ్లో కొడుతున్నది ఎవరు? ఆ పాటను ఫోన్లో వెతికి కింద పేర్లు చదివాం. రాసినవారు, సంగీతం, పాడినవారు ఉన్నారు. కెమెరా, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, డ్రోన్ ఉన్నాయి. ప్రత్యేక కృతజ్ఞతల్లో ఇద్దరు సర్పంచులు కూడా ఉన్నారు. డప్పు లేదు. పాటంతా ఏ చప్పుడు మీద నిలబడిందో ఆ చప్పుడు చేసిన మనిషి పేరు లేదు, డ్రోన్ ఎగరేసిన తమ్ముడి పేరు ఉంది.

ఆ రాత్రి నుంచి మా పాటలు వినే పద్ధతి మారింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి హనుమకొండలో చదువుకుంటున్న కొందరం మేము. మాలో ఎక్కువమందిమి డప్పున్న ఇళ్ల పిల్లలమే. కొత్త పాట వస్తే లింకు పంపుకోవడం, బాగుంది బాగాలేదు అని కొట్లాడుకోవడం మాకు అలవాటు. ఇప్పుడు విన్న ప్రతి ఆల్బమ్‌కూ ఇంకో ప్రశ్న చేర్చుకున్నాం: ఇందులో ఎవరి పని ఉంది, ఎవరి పేరు ఉంది? గత రెండు మూడేళ్లలో వచ్చిన కొన్నింటి మీద మా అభిప్రాయాలు ఇక్కడ రాస్తున్నాం. పేరు సంగతి ఇంతగా ఎందుకు పట్టుకున్నామో కూడా చెప్తాం. అది మర్యాదకు సంబంధించిన విషయమే అనుకునేవాళ్లం. చట్టం చదివాక కూలికి సంబంధించిన విషయమని అర్థమైంది.

ముందు జై భీమ్ పాటల గురించే చెప్పాలి, ఎందుకంటే అవి మనవి, వాటిని విమర్శించే బాధ్యతా మనదే. గొంతులు బాగున్నాయి. ముఖ్యంగా అమ్మాయిలు ఎక్కువగా పాడుతున్నారు, అది పదేళ్ల కింద లేదు. కానీ వరసగా ఇరవై పాటలు వింటే ఒకటే పాట ఇరవైసార్లు విన్నట్టుంది. మహూలో పుట్టాడు, బడి బయట కూర్చున్నాడు, విదేశాల్లో చదివాడు, రాజ్యాంగం రాశాడు, జై భీమ్. నాలుగు నిమిషాల్లో జీవిత చరిత్ర. బాబాసాహెబ్‌ను పొగడని పల్లవి లేదు, మన ఊరి పేరున్న చరణం లేదు. 1985 జూలైలో కారంచేడు జరిగినప్పుడు గద్దర్ కట్టిన పాటలో ఆ ఊరి పేరుంది, తిరగబడ్డ మనుషులున్నారు. అందుకే ఆ పాట నలభై ఏళ్లుగా నిలిచింది. ఈ పాటల్లో గుడి మెట్లు ఎక్కనివ్వని ఊరు ఏది, పట్టా ఇచ్చి భూమి చూపించని గుట్ట ఏది అని వెతికాం. దొరకలేదు. భయమా, లేక యూట్యూబ్‌లో నడవదనే లెక్కనా? రెండూ కొంత కొంత ఉండొచ్చు. పైగా చాలా పాటల్లో డప్పు నిజంగా ఎవరూ కొట్టింది కాదు. ఎప్పుడో ఒకసారి రికార్డు చేసిన దరువు ముక్కను కంప్యూటర్లో అతికించి తిప్పుతారు. చెవి పెట్టి వింటే తెలుస్తుంది. మనిషి కొడితే చిర్ర దెబ్బకు, సిటికెన పుల్ల దెబ్బకు మధ్య ఎడం ప్రతిసారీ రవ్వంత మారుతుంది. అతికించిన దరువు గడియారంలా పోతుంది. ఎదుర్కోలు దరువు వేరు, చావు దరువు వేరు, జాతర దరువు వేరు అని మన పెద్దలకు తెలుసు. అంబేద్కర్ పాటలో ఒకచోట చావు దరువు ముక్క అతికించి ఉండటం విని మాలో ఒకడి నాయన పకపకా నవ్వాడు. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు.

సినిమా ఆల్బమ్‌ల దగ్గరికి వద్దాం. 2023 మార్చిలోనే రెండు వచ్చాయి, బలగం, దసరా. రెండింట్లోనూ మా వైపు మాట, మా వైపు దరువు ఉన్నాయి. దసరాకు సంగీతం చేసింది తమిళనాడు నుంచి వచ్చిన సంతోష్ నారాయణన్. అయినా సింగరేణి పల్లెల మోతను బాగానే పట్టుకున్నాడనేది మాలో ఎక్కువమంది మాట. ధూమ్ ధామ్ దోస్తాన్ పాటలో రాహుల్ సిప్లిగంజ్‌తో పాటు గొట్టె కనకవ్వ, పాలమూరు జంగిరెడ్డి, నర్సమ్మ, గన్నోర దాస్ లక్ష్మి పేర్లు గాయకుల జాబితాలో ఉన్నాయి. ఇది చిన్న సంగతి కాదు. పల్లె గొంతు కావాలి, కానీ కోరస్ అని రాసి వదిలేస్తాం అనే పద్ధతి చాలాకాలం నడిచింది. వయసు మళ్లిన ఆడవాళ్ల పేర్లు, పొలాల్లో పాడుకున్నవాళ్ల పేర్లు పెద్ద సినిమా ఆల్బమ్ మీద అచ్చయ్యాయి. ఆ ఒక్క విషయంలో ఆ ఆల్బమ్‌కు మా ఓటు. పాటగా మాత్రం అదే సినిమాలోని చమ్కీల అంగీలేసి మాకు ఎక్కువ నచ్చింది. తాగుబోతు మొగుడి మీద పెళ్లాం వేసే ఎత్తిపొడుపుల్లో నిజమైన వాడకట్టు మాట ఉంది.

బలగం సంగతి వేరు. ఊరూ పల్లెటూరు పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది, 2025 ఆగస్టులో ప్రకటించారు. పాట మంచిదే. కానీ థియేటర్లో జనాన్ని ఏడిపించింది అది కాదు, చివర్లో బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన కథ. పస్తం మొగిలయ్యది వరంగల్ జిల్లా దుగ్గొండి. చావింట్లో చచ్చిపోయినవాడి గుణగణాలు పాడి బతికినవాళ్లను కలపడం ఆ కులం తరతరాలుగా చేసిన పని. దర్శకుడు వేణు ఆ పనిని అలంకారంగా వాడకుండా కథ ముడి విప్పే చోట పెట్టాడు, అది గౌరవమే. మరి ఆ గౌరవం ఎంతవరకు వచ్చింది? సినిమా వచ్చిన కొన్నాళ్లకే మొగిలయ్య కిడ్నీ జబ్బుతో ఆస్పత్రుల చుట్టూ తిరిగారు, దాతల సాయం కోసం వార్తలు వచ్చాయి. 2024 డిసెంబర్‌లో చనిపోయారు. ఇది ఎవరి తప్పని వేలు చూపించడం మా ఉద్దేశం కాదు. సాయం చేసినవాళ్లూ ఉన్నారు. మేము అడిగేది వేరు. కోట్లమంది చూసిన గొంతుకు ఆ చూపుల నుంచి నెలనెలా ఏదైనా రావాలా, లేక ఎవరైనా దయ చూపితేనే రావాలా?

దీనికి జవాబు చట్టంలో ఉంది. కాస్త ఓపిక పట్టండి, ఇది మన క్లాసుల్లో చెప్పని పాఠం.

ఒక పాటలో మూడు రకాల హక్కులుంటాయి. మాట రాసినవారివి, బాణీ కట్టినవారివి ఒక రకం. అవి వాళ్ల జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు ఉంటాయి. రికార్డింగు చేయించినవారిది, అంటే నిర్మాతది లేదా ఆడియో కంపెనీది, రెండో రకం. అది విడుదల నుంచి 60 ఏళ్లు. పాడినవారివి, వాయించినవారివి మూడో రకం. వీటిని ప్రదర్శకుల హక్కులంటారు, అవి 50 ఏళ్లు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో పెద్ద సవరణ జరిగింది. అంతకుముందు ఒకసారి డబ్బిచ్చి సంతకం పెట్టించుకుంటే అంతా కంపెనీదే. సవరణ తర్వాత, సినిమా హాల్లో ఆడటం కాకుండా పాట ఇంకెక్కడ వాడినా, టీవీలో, రేడియోలో, ఫోన్లో, రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నాను అని రాసిచ్చినా చెల్లదు. వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ అప్పగించలేరు. పాడినవారికీ వాయించినవారికీ కూడా వాణిజ్యంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు అదే సవరణ ఇచ్చింది.

చట్టం ప్రదర్శకుడు అంటే ఎవరో కూడా చెప్పింది. నటుడు, గాయకుడు, వాయిద్యకారుడు, నాట్యం చేసేవాడు, గారడీ చేసేవాడు, చివరికి పాములాడించేవాడు కూడా ఆ జాబితాలో ఉన్నాడు. అది చదివి మేము సంబరపడ్డాం. సంచార కులాలన్నిటినీ కలిపేసుకున్నట్టే అనిపించింది. కానీ 2012లో దాని కింద ఒక షరతు చేర్చారు. సినిమాలో ఎవరి ప్రదర్శన అయితే ఏదో సందర్భవశాత్తూ వచ్చిపోయేదిగా ఉండి, పరిశ్రమ అలవాటు ప్రకారం పేర్ల జాబితాలో ఎక్కడా కనిపించదో, ఆ మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించరు. తన ప్రదర్శనను పరువు పోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే ఒక్క హక్కు తప్ప మిగతావేవీ అతనికి ఉండవు.

ఇంకోసారి చదవండి. సినిమాల్లో పేరు వేయకపోవడం అలవాటు అయితే, ఆ అలవాటే చట్టానికి ఆధారం అవుతుంది. పేరు లేదు కాబట్టి కళాకారుడు కాదు, కళాకారుడు కాదు కాబట్టి వాటా లేదు. జాతర సీనులో డప్పు కొట్టే ఇరవై మంది ఎప్పుడూ సందర్భవశాత్తూ వచ్చినవాళ్లే కదా! ఊళ్లో మన పేరుతో పిలవకుండా కులంతో పిలిచిన అలవాటుకు ఇది దగ్గరి చుట్టంలా కనబడింది మాకు.

అయితే ఆ షరతు సినిమాకే. ఆడియోగా మాత్రమే వచ్చే ప్రైవేటు ఆల్బమ్‌లకు అది లేదు. అక్కడ డప్పు కొట్టినవాడు పూర్తి ప్రదర్శకుడే. "ఇది నేను వాయించాను, నా పేరు వేయండి" అని అడిగే హక్కు 38బి సెక్షన్‌లో ఉంది. కొట్టిన దరువును ముక్కలు చేసి ఇంకో పదిమందికి అమ్ముకుంటే ప్రశ్నించే దారి ఉంది. కానీ అడగాలంటే కొట్టింది నువ్వే అని చూపించే కాగితం ఉండాలి. మన దగ్గర లేనిది అదే. వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి, ఛాయ్ తాగించి పంపుతారు. రాసుకోవడం ఉండదు.

ఇంకో చోట మోసం జరుగుతుంది, అది మాట పేరుతో. పాట కింద "జానపదం" అని రాస్తారు. వినడానికి గౌరవంగా ఉంటుంది. చట్టానికి దాని అర్థం, రచయిత తెలియదు, ఎవరి సొత్తూ కాదు. అంటే దాన్ని తీసుకుని నాలుగు మాటలు మార్చి, కొత్త చరణం చేర్చి, తీగలూ బీట్లూ కలిపితే ఆ కొత్త భాగానికి మార్చినవారు యజమాని అవుతారు. పాటను అరవై ఏళ్లు నోట్లో పెట్టుకుని బతికించిన అవ్వ ఎవరూ కాదు. సామూహికంగా కట్టుకున్న పాటకు సామూహిక హక్కు అనేది మన చట్టంలో లేదు.

2021లో వచ్చిన సారంగదరియా గొడవ గుర్తుందా? లవ్ స్టోరీ సినిమా కోసం సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడింది, కోట్లమంది చూశారు. వరంగల్ వైపు నుంచి ఒక గాయని బయటికొచ్చి, ఈ పాట మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, సేకరించి టీవీ పోటీలో ముందే పాడాను, నన్ను పట్టించుకోలేదు అని అడిగింది. పల్లవి ప్రజలది, దాని మీద నా చరణాలు నేను రాశాను అని కవి చెప్పారు. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇస్తామన్నారు. అప్పుడు మేము డిగ్రీలో ఉన్నాం. మాలో కొందరం కవి పక్షాన, కొందరం ఆమె పక్షాన వాదించుకున్నాం. ఇప్పుడు వెనక్కి చూస్తే అందరమూ ఒకటి మరిచిపోయాం అనిపిస్తుంది. ఆ అమ్మమ్మ పేరు మాలో ఎవరమూ అడగలేదు.

మాకూ ఇలాంటి అనుభవం ఉంది, అందులో తప్పు సగం మాదే. మాలో ఒకరి పెద్దమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాటను ఫోన్లో తీసి, ముచ్చటపడి ఒక గ్రూపులో పెట్టాం. ఏడాది తిరిగేసరికి అదే పాట ఒక ఛానల్లో వచ్చింది. సెట్ వేశారు, కొత్త లంగావోణీలు వేశారు, కింద "జానపదం, సేకరణ" అని ఛానల్ ఆయన పేరు రాసుకున్నారు. పెద్దమ్మకు చూపించాం. "మంచిగనే పాడింది పిల్ల" అంది. తర్వాత "నా పాటను గింత ఉరుకుడు ఉరికిచ్చిన్రేందిరా, నారు పట్టుకున్న చెయ్యి గంత జల్ది నడుస్తదా?" అంది. ఇంతకంటే మంచి సంగీత విమర్శ మేము రాయలేం. మేము గ్రూపులో పెట్టినప్పుడే ఆమె పేరు, ఊరు రాసి ఉంటే అడగడానికి ఒక ఆధారం ఉండేది. అదీ చేయలేదు.

పేరు ఉన్నా పాట కూడు పెడుతుందని గ్యారంటీ లేదు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య సంగతే చూడండి. డక్కలి కులస్తుడు, నాగర్‌కర్నూల్ వైపు మనిషి, మాదిగల ఆశ్రిత కులాల్లో ఒకటైన ఆ కులానికి కిన్నెర మీద కథ చెప్పడమే వృత్తి. 2021 సెప్టెంబర్‌లో భీమ్లా నాయక్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ. 2024లో హైదరాబాద్ శివార్లలో కట్టడం పనిలో కూలీగా కనిపించాడని పత్రికలన్నీ రాశాయి. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది, చిందు యక్షగానానికి. ఐదు దశాబ్దాలు వేషం కట్టిన మనిషి. మా జనగామ మిత్రులకు ఆ రోజు పండగే. కానీ చిందు బాగోతం ఆల్బమ్ ఒకటి బాగా రికార్డు చేసింది విందామంటే మాకు దొరకలేదు. ఉన్నవి ఎవరో ఫోన్లో తీసినవి, గాలి చప్పుడుతో, సగం కథతో. జాంబపురాణం మొత్తం, తాళాలు, మద్దెల, హార్మోనియం స్పష్టంగా వినిపించేలా, ఎవరు ఏ వేషమో పేర్లతో సహా వస్తే అది ఈ దశాబ్దపు గొప్ప దళిత ఆల్బమ్ అవుతుంది. ఇప్పుడు వచ్చేవాటిని మెచ్చుకునేముందు రానివాటి గురించి కూడా అభిప్రాయం ఉండాలి కదా.

ఈ గొడవ తెలుగువాళ్లకే కాదు. 2021 మార్చిలో వచ్చిన ఎంజాయ్ ఎంజామి మనలో అందరూ విన్నదే. అరివు రాసి పాడిన పాట అది. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి వచ్చిన తన నాయనమ్మ వల్లియమ్మ జీవితం దానికి మూలం. దసరా సంగీత దర్శకుడు సంతోష్ నారాయణనే దానికీ పనిచేశాడు, చమ్కీల పాడిన ధీ అందులోనూ పాడింది. అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ఆ పాటను పేర్కొంటూ ముఖచిత్రం వేస్తే అందులో అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాడు, పత్రిక తర్వాత అరివుతో ఇంకో ముఖచిత్రం వేసింది. పాట ఎవరి కష్టం అనే విషయంలో ఆ ముగ్గురి మధ్య ఎవరి మాట వారు చెప్పుకున్నారు. 2024లో సంతోష్ నారాయణన్, ఆ పాట నుంచి ముగ్గురికీ పైసా రాలేదన్నాడు. కులం లేని చోటికి పాట వెళ్లింది అనుకున్నాం, కంపెనీ కాగితం దగ్గరికి వెళ్లింది.

అరివు 2024లో వల్లియమ్మ పేరాండి అని సొంత ఆల్బమ్ తెచ్చాడు. పేరాండి అంటే మనవడు. మాకు తమిళం రాదు, ఒక మిత్రుడు పక్కన కూర్చుని చెప్తుంటే విన్నాం. అన్ని పాటలూ ఒకేలా నచ్చలేదు. కొన్నిచోట్ల ర్యాప్ వేగం మాటను మింగేసింది. అయినా నాయనమ్మ పేరును ఆల్బమ్ పేరుగా పెట్టడం దగ్గర మేము చాలాసేపు ఆగాం. ముఖచిత్రం మీద తన బొమ్మ తీసేసిన లోకానికి ఆయన ఇచ్చిన జవాబు అది. 2018 జనవరిలో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ వేదిక ఎక్కినప్పుడు గానా పాటగాళ్లను, చావు డప్పు కొట్టేవాళ్లను గిటార్ల పక్కన సమానంగా నిలబెట్టారు. తెలుగులో అలాంటి బృందం ఇంకా రాలేదు. మనకు గొంతులు తక్కువా? లేవు. గొంతులన్నీ విడివిడి ఛానళ్లలో ఉన్నాయి.

ప్రభుత్వం విడుదల చేసిన పాట గురించి కూడా ఒక మాట. అందెశ్రీ రాసిన జయజయహే తెలంగాణ 2024 జూన్ 2న కీరవాణి సంగీతంతో రాష్ట్ర గీతంగా వచ్చింది, రెండున్నర నిమిషాలది ఒకటి, పదమూడున్నర నిమిషాలది ఒకటి. ఆంధ్ర సంగీత దర్శకుడు ఎందుకని తెలంగాణ సంగీతకారుల సంఘం అభ్యంతరం చెప్పింది. మాకు ఆ గొడవ కంటే వినికిడి ముఖ్యం అనిపించింది. పెద్ద వాద్యబృందం, నిండైన కోరస్, అంతా ఘనంగా ఉంది. ఉద్యమంలో బడి పిల్లలు ఏ వాయిద్యం లేకుండా పాడినప్పుడు వచ్చిన గగుర్పాటు మాత్రం మాకు రాలేదు. జనగామ దగ్గరి రేబర్తిలో పుట్టి, గొర్లు కాసి, తాపీ పని చేసి, బడికి పోకుండా కవి అయిన మనిషి పేరు మాత్రం ఆ పాటతో గట్టిగా నిలబడింది. 2025 నవంబర్‌లో ఆయన పోయినప్పుడు అందరి నోటా వచ్చింది ఆ పాటే.

అదే ప్రభుత్వ పాటల ఇంకో ముఖం మాకు బాగా తెలుసు. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభమైనప్పుడు దాని మీద ఎన్ని పాటలు వచ్చాయో! ఉద్యమంలో ఎగిరి ఆడిన గొంతులే జీతానికి పథకాల పాటలు పాడాయి. బతకాలి కదా, మేము తప్పు పట్టం. కానీ 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు ఆ గొంతుల నుంచి ఒక్క పాట కూడా మా చెవిన పడలేదు. కాలువ కింద భూమి పోయిన ఎస్సీ రైతు మీద అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఎవరైనా కట్టితే విడుదలకు మేము వస్తాం.

చివరగా మేడారం పాటలు. రెండేళ్లకోసారి జాతరకు ముందు ఇవి వరదలా వస్తాయి. సిరొంచ నుంచి కాళేశ్వరం వంతెన దాటి వచ్చే బండ్లలో, భూపాలపల్లి బస్టాండులో, ఎక్కడ చూసినా అవే. గొంతులు, ఊపు, పూనకం అన్నీ ఉన్నాయి. కానీ సమ్మక్క, సారలమ్మ యుద్ధం చేసిన ఆదివాసీ ఆడవాళ్లు అనే సంగతి పాట పాటకూ తగ్గిపోతోంది. గొలుసులూ కిరీటాలూ పెట్టి, బెల్లం ఇస్తే వరాలిచ్చే దేవతలుగా మార్చేస్తున్నారు. మణుగూరు వైపు కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే కోయ డోలి కళాకారుడు ఉండేవారు. వనదేవతల వంశాల కథలు డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024 జూన్‌లో చనిపోయారు. ఆయన పాట వినాలంటే మెల్లగా కూర్చోవాలి, డీజే మీద అది మోగదు. దళితులమైన మేము ఈ మాట అనేటప్పుడు కొంచెం జాగ్రత్తగానే అంటున్నాం, ఎందుకంటే ఆ కొత్త పాటల్లో డప్పు మాది. మా డప్పుతోనే కోయల చరిత్ర మీద మేకప్ వేస్తున్నారు. మానుకోట తండాల లంబాడా పాటల గురించి రాయాలని ఉంది, కానీ గోర్ మాట మాకు సరిగా రాదు. తెలిసినవాళ్లు రాస్తే మంచిది.

ఇంతా మాట్లాడి మేమేం చేశాం అంటే, ఒక చిన్న పని. ఆ మహదేవపూర్ పెద్దాయన బృందాన్ని పిలిచి నాలుగు దరువులు రికార్డు చేశాం. ఒక మిత్రుడి గదిలో, పరుపులు గోడలకు ఆనించి. డప్పులు కాపడానికి డాబా మీద గడ్డి మంట వేస్తే ఇంటి ఓనరు వచ్చి కేకలేశాడు, అది వేరే కథ. ముందే ఒక కాగితం రాశాం: ఎవరెవరు కొట్టారు, ఏ తేదీ, ఎక్కడ, దీన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చు, డబ్బొస్తే ఎవరికెంత. నలుగురి సంతకాలు, ఒకరిది వేలిముద్ర. పాట ఎక్కించే ఫారంలో గాయకుడు, రచయిత, సంగీతం, నిర్మాత అని గళ్లుంటాయి. వాయించినవారికి ఇంకో గడి వెతికి పట్టుకుని నాలుగు పేర్లూ ఎక్కించాం.

అన్నీ చదివి వినిపించాక పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "నా పేరు రాసిన్రు, మంచిదే. ఎదుర్కోలు దరువు మాత్రం మా నాయన చెప్పిచ్చిండు. మా నాయనకు గోదారి అవుతలి మేనమామ చెప్పిండు. ఆళ్ల పేర్లు యాడ రాస్తరు?"

నేర్పినవారు అనే గడి ఆ ఫారంలో లేదు. కింద వివరణ రాసే చోట మొదటి వరుసలో ఆ రెండు పేర్లు టైపు చేశాం. మేనమామ ఊరి పేరు సిరొంచ దగ్గరిదే గానీ సరిగ్గా ఏదో పెద్దాయనకు గుర్తురాలేదు. ఇంటికి పోయి అక్కను అడిగి ఫోన్ చేస్తానన్నాడు. ఆ గడువు కోసం ఇంకా పబ్లిష్ నొక్కలేదు.